నోవైలో వాలిన పక్షి

క్యారీ, ఫిబ్రవరి 16

వదినకి,

ఫోన్ చేస్తే ఎత్తవు. వాట్సాప్‌లో పెడితే రెండు నీలం టిక్కులు పడతాయి, అంతే. అందుకని కాగితం మీద రాస్తున్నాను. కాగితమైతే చదవకుండా పారేయలేవు, నాకు తెలుసు. కరెంటు బిల్లుతో వచ్చిన యాడ్లు కూడా చదివితే గానీ రీసైకిల్ డబ్బాలో వేయని మనిషివి.

నేను నోవై నుంచి తిరిగొచ్చి మూడు వారాలు దాటింది. అన్నయ్య పోయాడన్నమాట ఇంకా నోటికి రావడం లేదు. ఆఫీసులో మేనేజర్ అడిగితే "మా బ్రదర్‌కి ఒంట్లో బాగాలేదు" అనేశాను. డ్రైవ్‌వేలో మంచు తవ్వుతూ తవ్వుతూ పార మీదే వాలిపోయిన మనిషికి ఒంట్లో బాగాలేదట.

అసలు సంగతికి వస్తాను. పదో రోజున జరిగింది నీకు మళ్ళీ చెప్పాలా అంటే, చెప్పాలి. అదేదో జరగనట్టే ఉంటున్నావు కాబట్టి. గుడి వెనక పార్కింగ్ లాట్ అంచున మంచు తవ్వి, అరిటాకులో పిండం పెట్టాం. కాకి ముట్టాలి, దూరం జరగండి అన్నారు పురోహితులు. మనమంతా గాజు తలుపు వెనక్కి వచ్చేశాం. కౌశిక్ మాత్రం కర్త కాబట్టి పంచెతో, ఒట్టి కాళ్ళతో బయటే నిలబడ్డాడు. కాకి రాలేదు. పోయినవాళ్ళ మనసులో ఏదో కోరిక మిగిలిపోయి ఉంటుంది, ఏమిటో ఊహించి మాటివ్వండి అన్నారు. కౌశిక్ చదువు మేం చూసుకుంటాం అన్నాడు బాబాయి. రాలేదు. అప్పులేమైనా ఉంటే తీరుస్తాం అన్నారు అన్నయ్య ఆఫీసువాళ్ళు. రాలేదు. నిన్నడిగితే, "ఆయనకేం కావాలో నాకెలా తెలుస్తుంది" అన్నావు. అందరి ముందూ.

అప్పుడు నేను తలుపు తోసుకుని బయటికి వెళ్ళి గట్టిగా అన్నాను. అన్నయ్యా, నీ ఆఫ్రికా టూర్ ఆగదు, నువ్వు చూడాలనుకున్న ఆ పక్షిని వదిన వెళ్ళి చూసొస్తుంది, అని. అన్నానో లేదో, వాలింది. ముట్టింది. నేనే కదా "వచ్చింది, వచ్చింది" అని అరిచింది.

మాటిచ్చాం వదినా. టూర్ జులైలో. నేనే వెళ్దునేమో గానీ నా హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది, దేశం దాటొద్దని లాయర్ ఒకటికి రెండుసార్లు చెప్పింది. నీకు సిటిజన్‌షిప్ ఉంది. నువ్వే వెళ్ళాలి.

జవాబు రాయి. తిట్టయినా రాయి.

భవిత


నోవై, మార్చి 3

భవితకి,

తిట్టమన్నావు కాబట్టి రాస్తున్నాను.

మాటిచ్చాం అన్నావు. ఎవరిచ్చారు? నువ్విచ్చావు. నా తరఫున నన్నడగకుండా చనిపోయిన మనిషికి మాటిచ్చి, ఇప్పుడు నిలబెట్టుకోమని నాకు ఉత్తరాలు రాస్తున్నావు. మీ పుట్టింటి వాళ్ళందరికీ ఇదే అలవాటు. నా పెళ్ళిలో కూడా నాకు పాటలు బాగా వచ్చని మీ అమ్మగారే అందరికీ మాటిచ్చారు.

పక్షులంటే నాకు పడవు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఒక్క ఆదివారం పొద్దున మీ అన్నయ్య ఇంట్లో కాఫీ తాగలేదు. చీకటితో లేచి థర్మోస్ నింపుకుని, ఆ బైనాక్యులర్ మెళ్ళో వేసుకుని కెన్సింగ్టన్ పార్కుకో, ఏ చెత్త డంప్ దగ్గరికో వెళ్ళిపోయేవారు. అవును, చెత్త డంపే. గల్ పక్షులు అక్కడే బాగా వస్తాయట. నా ఆదివారాలన్నీ తినేసిన సవతులవి. వాటిని చూడ్డానికి నేను విమానమెక్కి ఆఫ్రికా వెళ్ళాలా?

ముందు వీసా స్టాంపింగ్ భయం, తర్వాత గ్రీన్ కార్డు భయం, పదిహేనేళ్ళు ఎక్కడికీ కదల్లేదు ఆయన. బయటికెళ్తే తిరిగి రానిస్తారో లేదోనని మీ మేనత్త పోయినా ఇండియా వెళ్ళలేదు. సిటిజన్‌షిప్ చేతికొచ్చిన వారానికి ఈ టూర్ బుక్ చేశారు. యుగాండాలో మర్చిసన్ ఫాల్స్ నేషనల్ పార్కట. నైలు నది సరస్సులో కలిసే చోట షూబిల్ అని ఒక కొంగ ఉంటుందట, మనిషి భుజం దాకా ఎత్తు, ముక్కు చెక్క చెప్పు లాగా. కౌశిక్‌కి వీడియోలు చూపించి మురిసిపోయేవారు.

నాకెవరూ ఏమీ చూపించలేదులే. ఆయన పోయాక టూర్ నడిపే ఆవిడ ఈమెయిల్ రాసింది, సంతాపం చెబుతూ, సీటు కావాలంటే నా పేరుకి మార్చుకోవచ్చని. కింద బుకింగ్ వివరాలున్నాయి. సింగిల్ రూమ్, సింగిల్ బెడ్. నన్ను రమ్మనలేదు భవితా. వస్తావా అని మాటవరసకైనా అడగలేదు. అడిగితే రానన్నా అనేదాన్నేమో, అది వేరే సంగతి.

ఆయన నన్ను వద్దనుకున్న చోటికి ఆయన పేరు చెప్పుకుని నేను వెళ్ళను. ఈ విషయం ఇక ఎత్తకు.

వదిన


క్యారీ, మార్చి 19

వదినకి,

ఎత్తుతాను. కోప్పడు.

సింగిల్ రూమ్ సంగతి నాకు తెలీదు. తెలిసి ఉంటే గుడి దగ్గర ఆ మాట అనేదాన్నా అంటే, ఏమో, అప్పుడు నాకేం తోచిందో నాకే సరిగ్గా గుర్తులేదు.

నాకు రోజూ అన్నయ్య కలలోకొస్తున్నాడు. ఏమీ మాట్లాడడు. పార పట్టుకుని నిలబడతాడు. లోపలికి రా అంటే రాడు. పొద్దున్న లేచి స్టాండప్ మీటింగ్‌లో నా వంతొచ్చినప్పుడు నిన్న ఏం చేశానో చెప్పలేక తెల్లమొహం వేస్తున్నాను. కాకి ముట్టింది కదా, మరింకా ఎందుకొస్తున్నాడు అని ఆలోచిస్తే ఒకటే అర్థమవుతోంది. ఇచ్చిన మాట ఇంకా అలాగే ఉంది.

ఇంకో విషయం. కౌశిక్ ఫోన్ చేశాడు. వాడి మీద కోప్పడకు. "అత్తా, అమ్మ జాబ్ నుంచి వచ్చి కార్‌లోనే కూర్చుంటుంది. లోపలికి రాదు. నేను విండోలోంచి చూస్తా. ఒక్కోసారి డార్క్ అయిపోతుంది. ఇట్స్ వీర్డ్, అత్తా. నేను ఏం చెయ్యాలి?" అన్నాడు. వాడికి పదిహేడేళ్ళు. తండ్రి పడిపోయిన డ్రైవ్‌వేలో తల్లి కార్లో కూర్చుంటే కిటికీలోంచి చూస్తున్నాడు.

నువ్వు ఏడవలేదు వదినా. ఆస్పత్రిలో ఏడవలేదు, పదకొండో రోజు ఏడవలేదు. వచ్చినవాళ్ళందరికీ కాఫీలో పంచదార ఎంతో అడిగి మరీ ఇచ్చావు. అందరూ ఎంత ధైర్యమో అన్నారు. నాకు భయమేసింది.

వెళ్ళిరా. కౌశిక్‌ని ఆ రోజులు నా దగ్గరికి పంపు. వాడికిక్కడ బాస్కెట్‌బాల్ ఆడుకునే పిల్లలున్నారు.

భవిత


నోవై, ఏప్రిల్ 8

భవితకి,

కౌశిక్‌ని కోప్పడలేదు. కార్లో ఎందుకు కూర్చుంటున్నానో వాడికి నేనే చెప్పాను. డెంటల్ ఆఫీసులో రోజంతా ఫోన్లెత్తి "హౌ కెన్ ఐ హెల్ప్ యు" అనీ అనీ అలిసిపోతాను, కాసేపు ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటాను, అంతే. సగం నిజమే. గరాజ్ తలుపు తెరిస్తే ఎదురుగా గోడకి ఆ పార కనబడుతుంది. ఆ రోజు ఎవరో పొరుగువాళ్ళు తీసి శుభ్రంగా తుడిచి తగిలించారు. పారేయలేను, చూడలేను.

సరే, నువ్విక ఈ కాకి సంగతి వదలవు కాబట్టి చెబుతున్నాను. చెప్పకూడదనుకున్నాను. చచ్చేదాకా చెప్పకూడదనే అనుకున్నాను.

ఆ రోజు వాలింది కాకి కాదు.

తోక పొట్టి. ఒంటి నిండా తెల్ల చుక్కలు. కాకిలో సగం కూడా లేదు. మంచు మీద చకచకా నడుచుకుంటూ వచ్చి ఒక్క మెతుకు పొడిచి పోయింది. స్టార్లింగ్. మన గోరింకకి దగ్గర చుట్టం. ఇక్కడ ఏ గ్రోసరీ స్టోర్ ముందు చూసినా వందలకొద్దీ ఉంటాయి. ఆదివారాలు ఇంట్లో లేకపోయినా మిగతా ఆరు రోజులూ మా భోజనాల బల్ల దగ్గర పక్షుల మాటలే కదా. వద్దన్నా చెవినపడినవి పోవు.

గాజు తలుపు వెనక అందరూ ఏడ్చారు. పురోహితులు దణ్ణం పెట్టారు. బాబాయి కౌశిక్‌ని కావలించుకుని లోపలికి తెచ్చారు. ఆ మంచు తళతళలో మీకెవరికీ తేడా కనబడలేదు. నాకు కనబడింది. నోరు మూసుకున్నాను.

కాబట్టి నువ్విచ్చిన మాట ఎవరూ వినలేదు, ఎవరూ ఒప్పుకోలేదు. ఒక స్టార్లింగ్‌కి ఆకలేసింది, అంతే. నాకు అప్పు లేదు. ఇక నన్ను వదిలెయ్.

చంద్రిక


క్యారీ, మే 2

వదినకి,

నీ ఉత్తరం అందింది. నువ్వెప్పుడూ సంతకంలో పేరు రాయవు. ఈసారి రాశావు.

పక్షుల సంగతి నాకేం తెలుసు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునేదాన్ని. నల్లగా కనబడింది, కాకి అనుకున్నాను.

కానీ ఒకటి చెప్పు. అది కాకి కాకపోతే, కాకి రానట్టే కదా. రానట్టే అయితే అన్నయ్య కోరిక తీరనట్టే. ఇన్నాళ్ళూ ముట్టిందనుకుని అన్నం తింటున్నాను. ఇప్పుడు ప్లేట్ ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదు. నీకు అప్పు లేదన్నావు. ఉందో లేదో నాకు తెలీదు. అన్నయ్య మాత్రం ఆ పార్కింగ్ లాట్‌లో ఆకలితో నిలబడే ఉన్నాడన్నమాట.

నిన్ను బలవంతపెట్టను. నువ్వు వెళ్ళినా వెళ్ళకపోయినా నాకు వదినవే.

భవిత


నోవై, మే 20

భవితకి,

దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడే కొడతావు. చిన్నప్పుడు మీ అన్నయ్యని కూడా ఇలాగే ఏడిపించి ఉంటావు.

పేరు మార్పించాను. జులై పన్నెండున డెట్రాయిట్ నుంచి బయల్దేరుతున్నాం, ఇక్కడి బర్డింగ్ క్లబ్బువాళ్ళు, నేను. కౌశిక్ నీ దగ్గరికి వస్తాడు. వాడికి పాలు పడవు, మర్చిపోకు.

ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నాను. నర్స్ అడిగింది, వెకేషనా అని. అవునన్నాను.

వదిన


మర్చిసన్ ఫాల్స్, జులై 17

భవితకి,

ఇక్కడ పోస్టాఫీసు ఎక్కడుందో తెలీదు. ఇంటికి వచ్చాక పంపుతాను. కానీ ఇప్పుడే రాయాలి, ఇంటికెళితే వేరేగా రాస్తాను.

నైలు ఒడ్డున డేరాల లాడ్జి. నీళ్ళలోంచి హిప్పోలు గురక పెట్టినట్టు చప్పుడు చేస్తుంటాయి. నాది సింగిల్ బెడ్డే. మొదటి రోజు దానికేసి చూస్తూ చాలాసేపు కుర్చీలోనే కూర్చున్నాను. పక్కన ఇంకొకరికి చోటుందా అని కొలిచి చూశాను కూడా. లేదు.

పొద్దున్నే జీపుల్లో వెళ్తాం. ఏనుగులు, జిరాఫీలు కనబడితే నేనొక్కదాన్నే నోరు తెరుచుకుని చూస్తాను. క్లబ్బువాళ్ళు వాటికి అటువైపు చెట్టు మీద ఉన్న పిట్టని చూస్తుంటారు. నిన్న రోడ్డు పక్కన సింహం పడుకుని ఉంటే, డోనా అనే పెద్దావిడ ఆ సింహం కాస్త పక్కకి జరిగితే బాగుండు, వెనక పొదలో ఏదో కూస్తోంది అంది. మీ అన్నయ్య వీళ్ళలో ఎంత హాయిగా ఉండేవారో నాకు కళ్ళకి కట్టింది. ఎవరూ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడరు. మాట్లాడినా గుసగుసే. వీళ్ళ మధ్య నా గొంతు నాకే పెద్దగా వినబడుతోంది. ఇంట్లో కూడా ఇలాగే ఉండేదేమో.

ఆయన బైనాక్యులర్ తెచ్చాను. కుడి కంటి వైపు ఒక చిన్న రింగు ఉంటుంది, చూసేవాళ్ళ కంటి పవర్‌కి తగ్గట్టు తిప్పుకోవాలట. అది ఆయన కంటికి పెట్టి ఉంది. నాకు అందులోంచి చూస్తే కుడివైపంతా అలికేసినట్టు ఉంటుంది. మా గైడ్ ఒపియో చూసి, "మామా, ఇలా ఇవ్వండి, సెట్ చేస్తాను" అని చెయ్యి చాపాడు. ఇక్కడ అమ్మా అనడానికి మామా అంటారు. ఇవ్వలేదు. తిప్పితే ఆయన చూపు పోతుంది. మళ్ళీ ఎక్కడ పెట్టాలో ఎవరికి తెలుసు. అందుకని కుడి కన్ను మూసుకుని ఒక్క కంటితో చూస్తున్నాను. డోనా నాకు కంట్లో ఏదో జబ్బనుకుని చుక్కల మందిచ్చింది.

ఈ రోజు సంగతి చెప్పాలి. జలపాతం పైకి తీసుకెళ్ళారు. అంత నైలు నదీ ఒక ఇరుకు రాతి సందులోంచి దూకుతుంది. ఒళ్ళంతా తడిసింది. అక్కడ రాళ్ళ మీద కాకులున్నాయి. మన కాకిలాగే నలుపు, మెడకీ రొమ్ముకీ మాత్రం తెల్ల బనీను తొడిగినట్టు తెలుపు. కాకే. ఈసారి అనుమానం లేదు, ఒపియోని అడిగాను.

నేను సిద్ధంగానే వెళ్ళాను. పొద్దున్న లాడ్జి వంటవాణ్ణి అడిగి కాస్త తెల్లన్నం పెట్టించుకున్నాను. ఇంటి నుంచి నువ్వులు తెచ్చుకున్నాను. లంచ్‌కి ఆగినప్పుడు ఒక పక్కకి వెళ్ళి ముద్ద చేసి, రాయి కడిగి, దాని మీద పెట్టబోయాను. కాకి అప్పుడే వచ్చి బారెడు దూరంలో వాలింది. నా చేతికేసే చూస్తోంది భవితా. తల అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

ఒపియో వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. మెల్లగానే పట్టుకున్నాడు. "సారీ మామా. పార్కులో ఏ జంతువుకీ తిండి పెట్టకూడదు. పక్షికైనా సరే" అన్నాడు. మా ఆయన కోసం అన్నాను. ఆయన పోయారు, మా వాళ్ళలో ఇలా పెడతాం అన్నాను. అతను టోపీ తీసి పట్టుకుని, అయ్యో అన్నట్టు నిలబడ్డాడు గానీ, చెయ్యి మాత్రం అడ్డం తీయలేదు. "మీరు పెడితే రేపు ఇంకొకరు పెడతారు. తర్వాత ఇవి మనుషుల మీద పడతాయి" అన్నాడు. నిజమే. మీ అన్నయ్య ఉన్నా అదే అనేవారు. పార్కుల్లో బాతులకి బ్రెడ్డు వేసేవాళ్ళతో పోట్లాడిన మనిషి.

ఆ ముద్ద చేతిలో పెట్టుకుని ఏం చేయాలో తెలియలేదు. పారేయకూడదు, పెట్టకూడదు. నేనే తిన్నాను. కాకి చూస్తూనే ఉంది. తినకూడదేమో, అపచారమేమో నాకు తెలీదు. పిడికెడు అన్నం మింగడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. అయిపోయాక కాకి ఎగిరిపోయింది.

నీకు కాకి ముట్టిందని రాయొచ్చు. రాయాలనే అనుకున్నాను కూడా. కానీ ముట్టలేదు.

వదిన


ఎంటెబ్బే, జులై 22

భవితకి,

ఎయిర్‌పోర్టులో కూర్చుని రాస్తున్నాను. దీన్నీ ముందుదాంతో కలిపే పంపుతాను.

షూబిల్‌ని చూశాను.

పడవలో నది చివరిదాకా, సరస్సులో కలిసే చోటికి వెళ్ళాం. ఎటు చూసినా మనిషెత్తు రెల్లు, బురదనీళ్ళు. ఇంజిన్ ఆపేసి గడలతో తోస్తున్నారు. ఎండ మాడ్చేస్తోంది. మాట్లాడకూడదు, లేవకూడదు, దగ్గు వస్తే గుడ్డలో దగ్గాలి. ఆకలేసి, కాళ్ళు తిమ్మిరెక్కి, ఈ కొంగ రాకపోతే పోయె అని నేననుకునే వేళకి ఒపియో వేలు చూపించాడు.

రెల్లులో నిలబడి ఉంది. బూడిద రంగు. కదలదు. పెళ్ళి ఫోటోకి నిలబెట్టిన ముసలాయనలా ఉంది. అంత పెద్ద ముక్కు, దాని పైన చిన్న జుట్టు. అది మమ్మల్ని చూస్తోందో, నీళ్ళని చూస్తోందో, ఏమీ చూడడం లేదో తెలియదు. కెమెరాలన్నీ లేచాయి. నేను కుడి కన్ను మూసుకుని బైనాక్యులర్ పెట్టాను. ముందు నాకు కోపమొచ్చింది. దీని కోసమా అనుకున్నాను. ఈ బురదలో కదలకుండా నిలబడే దీన్ని చూడ్డానికి పదిహేనేళ్ళు కలలు కని, నన్ను వదిలేసి ఒంటరిగా రావాలనుకున్నారా. తర్వాత ఏం జరిగిందో తెలుసా, పక్కకి తిరిగి "ఏమండీ, చూశారా" అన్నాను. మన భాషలో, పైకే అన్నాను. పక్కన డోనా ఉంది.

అప్పుడొచ్చింది ఏడుపు. ఇన్ని నెలలు రానిది, అక్కడొచ్చింది. కానీ ఏడవడానికి లేదు. చప్పుడైతే పక్షి ఎగిరిపోతుంది. పడవ నిండా జనం, జన్మకొకసారి అని వచ్చినవాళ్ళు. ఒపియో నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు, బతిమాలుతున్నట్టు. చున్నీ నోట్లో కుక్కుకున్నాను. ఒళ్ళంతా ఊగిపోతోంది, పడవ కూడా ఊగుతోందేమోనని భయం. డోనా నా వీపు మీద చెయ్యి వేసి, కళ్ళు మాత్రం పక్షి మీదే పెట్టి కూర్చుంది. ఎంతసేపో. ఆ పక్షి కదల్లేదు. నేను చప్పుడు చేయలేదు. మీ అన్నయ్య పక్షులకి నేను చేసిన మర్యాద అదొక్కటే.

అది తర్వాత తనంతట తానే రెండడుగులు వేసి రెల్లులోకి వెళ్ళిపోయింది. అప్పుడు ఇంజిన్ వేశారు. ఆ మోతలో నేను గట్టిగా ఏడ్చాను.

ఆయన నన్నెందుకు రమ్మనలేదో నాకిప్పటికీ తెలీదు. వాళ్ళ నిశ్శబ్దం చూశాక కాస్త ఊహించగలను. ఊహించిన కొద్దీ బాధగానే ఉంది. ఆయన ఒంటరిగా గడపాలనుకున్న రోజులు ఆయన బదులు నేను గడిపాను. అంతే జరిగింది.

విమానానికి పిలుస్తున్నారు.

వదిన


క్యారీ, ఆగస్టు 14

వదినకి,

నీ రెండు ఉత్తరాలూ ఒకే కవర్‌లో వచ్చాయి. ఆఫీసు కార్ పార్కింగ్‌లో కూర్చుని చదివాను. నీ అలవాటు నాకూ పట్టింది.

నువ్వు నాకు అబద్ధం రాయలేదు. కాకి ముట్టిందని రాస్తే నేను నమ్మేదాన్ని, సంతోషించేదాన్ని. రాయలేదు. అందుకని నేనూ ఒకటి చెప్పాలి.

అది కాకి కాదని నాకు అప్పుడే తెలుసు.

మచిలీపట్నంలో మేమున్నప్పుడు అన్నయ్య పొద్దున్నే నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఉప్పుమడుల దగ్గరికి తీసుకెళ్ళేవాడు. నాకు ఎనిమిదేళ్ళు. ఏ పిట్టని చూపించినా పేరు చెప్పాలి. తప్పు చెబితే తిరిగొచ్చేటప్పుడు సైకిల్ దిగి నడవాలి. నేను చాలా తక్కువసార్లు నడిచాను. గోరింక జాతిదాన్ని చూసి కాకి అంటే అన్నయ్య ఏడుకొండలూ నడిపించేవాడు. పక్షుల సంగతి నాకేం తెలుసు అని నీకు రాసింది అబద్ధం.

ఆ రోజు కౌశిక్ పాదాలు ఎర్రగా కందిపోయాయి వదినా. వాడి పెదవులు నీలంగా మారాయి. నాన్న కోసం నిలబడ్డాడు కదా, ఎవరెంత చెప్పినా లోపలికి రాడు. ఇంకాసేపు చూద్దాం, అప్పటికీ రాకపోతే దర్భతో కాకిని చేసి ముట్టిద్దాం అంటున్నారు పురోహితులు. ఆ ఇంకాసేపు నాకు భరించడం చేతకాలేదు. ఏదో ఒకటి వాలింది. అరిచేశాను. అరిచి నీ వైపు చూశాను. నువ్వు ఆ పిట్టనే చూస్తున్నావు. నీకు తెలిసిపోయిందని నాకర్థమైంది. ఇప్పుడు నోరు విప్పుతుంది, అయిపోయింది అనుకున్నాను. నువ్వు విప్పలేదు. ఆ రోజు నుంచి నువ్వు నాకు వదిన కాదు, ఇంకేదో.

మరి ఆఫ్రికా మాట ఎందుకన్నానంటే, ఆ పది రోజుల్లో ఎవరు ఏమన్నా నీ మొహం మారలేదు. ఆ టూర్ మాటెత్తితే మాత్రం నువ్వు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదానివి. ఏడుపు అక్కడెక్కడో ఉందనిపించింది. కాకి అబద్ధమని నువ్వు తేల్చేశాక, ఆ అబద్ధాన్నే తిప్పి నిన్ను పంపాను. అన్నయ్య ఆకలి అన్నాను. కలలు మాత్రం నిజం. ఇప్పటికీ వస్తున్నాడు. పార పట్టుకునే.

సింగిల్ రూమ్ ఎందుకో నాకూ తెలీదు. అన్నయ్య నాతో చెప్పలేదు. నీకు హాయిగా ఉండే మాట ఒకటి కల్పించి చెప్పగలను, నాకది చేతనవునని నీకు తెలుసు. చెప్పను.

కోపమొచ్చిందా?

భవిత


నోవై, డిసెంబర్ 9

భవితకి,

వచ్చింది. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు. సెప్టెంబరంతా కోపంగానే ఉన్నాను. అక్టోబరులో ఆకులు ఊడుస్తుంటే ఒకసారి నవ్వొచ్చింది. ఇద్దరికీ తెలుసు, గాజు తలుపుకి అటొకరు ఇటొకరు, ఒక స్టార్లింగ్‌ని కాకిని చేశాం. నవ్వయిపోయాక మళ్ళీ ఎప్పటిలాగే ఉంది.

మంచు పడింది. పార గోడకే ఉంది. కౌశిక్ దాన్ని ముట్టుకోకుండా తన డబ్బులతో వేరే పార కొనుక్కొచ్చి తవ్వుతున్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ నిలబడతాను, వాడు లోపలికి వచ్చేదాకా. ఇప్పుడు కిటికీ దగ్గర నా వంతు.

మొన్న ఇంకొకటి జరిగింది. వాడు నాన్న బైనాక్యులర్ తీసి, పెరట్లో గింజల ఫీడర్ దగ్గరికి వచ్చిన ఎర్రపిట్టని చూడాలని, మసగ్గా ఉందని ఆ రింగు తిప్పేశాడు. తనకి కనబడేదాకా తిప్పాడు. "అమ్మా, చూడు, సూపర్ క్లియర్" అని నాకిచ్చాడు. వాణ్ణి ఏమీ అనలేదు. వాడికేం తెలుసు. వాడి కంటికి పెట్టుకున్నాడు, అదీ న్యాయమే. కానీ ఆయన చూపు ఎక్కడుండేదో ఇక ఎవరికీ తెలియదు. గుర్తు కూడా పెట్టుకోలేదు నేను.

సంవత్సరీకం జనవరిలో వచ్చింది, తిథి చూసి పురోహితులు చెప్పారు. అదే గుడి, అదే పార్కింగ్ లాట్. నువ్వు రావాలి. దేశం లోపలే కదా, లాయర్ ఏమీ అనదు. కౌశిక్ కాళ్ళకి ఉన్ని సాక్స్ వేయొచ్చా అని పురోహితుల్ని అడిగాను, వేయమన్నారు. అడిగితే అప్పుడూ వేయమనేవారేమో. మనమెవరం అడగలేదు.

నువ్వు కూడా మంచి బూట్లు తెచ్చుకో. ఈసారి గాజు తలుపు వెనక వద్దు, ముగ్గురం బయటే ఉందాం. ఎవరూ ఎవరి తరఫునా మాటివ్వొద్దు. ఏ పిట్ట వాలితే దాని పేరే చెప్పు, నీకు వచ్చుగా. కాకి రాకపోతే రాలేదనే చెప్పు. నిలబడదాం.

వదిన